బోన్సాయ్‌కి ఆకారం ఇవ్వడం: వైరుతోనా, కత్తెరతోనా? మన చెట్లకు ఏది మేలు?

బోన్సాయ్ నేర్చుకుంటామని వచ్చేవాళ్ళు మొట్టమొదట అడిగేది కొమ్మలకు చుట్టి వంచే వైరు గురించే. ఏ సైజు కొనాలి, రాగిదా అల్యూమినియందా, ఎక్కడ దొరుకుతుంది? వీడియోల్లో కనిపించేది కూడా అదే మరి. గుబురుగా ఉన్న జూనిపర్ అనే చలిదేశపు మొక్కకు తీగ చుడతారు, గంట తిరక్కుండా అది వందేళ్ళ చెట్టులా తయారవుతుంది. చూస్తే ఎవరికైనా చేతులు ఊరుకోవు. కానీ మన డాబాల మీద ఉన్నది జూనిపర్ కాదు. నర్సరీల్లో ఫైకస్ పేరుతో దొరికే మర్రి జాతి చెట్లు, మర్రి, రావి, చింత, కాగితంపూలు. ఈ చెట్లకు వైరు కంటే కత్తెరే పెద్ద పనిముట్టని నా నమ్మకం. వైరు తప్పనిసరి అయ్యే చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

వైరింగ్‌ను ఇంత గొప్ప విద్యగా మార్చింది జపాన్ వాళ్ళు. 1923 భూకంపం తర్వాత టోక్యో వదిలి వెళ్ళిన బోన్సాయ్ పెంపకందారులు సైతామా ప్రాంతంలోని ఓమియాలో ఏకంగా ఒక ఊరే ఏర్పాటు చేసుకున్నారు. 1989లో మొదటి ప్రపంచ బోన్సాయ్ మహాసభ జరిగింది కూడా అక్కడే. వాళ్ళు ఎక్కువగా పని చేసేది పైన్, జూనిపర్ జాతుల మీద. పైన్ కొమ్మను పచ్చదనం లేని చోటి దాకా వెనక్కి కోశారంటే ఇక అంతే, అది చిగురించకుండా ఎండిపోతుంది. కొమ్మ ఎలా ఉన్నా దాన్ని ఉంచుకుని వంచుకోవాల్సిందే. అందుకని వాళ్ళకు తీగ లేనిదే పని జరగదు.

ఇంకో దారి దక్షిణ చైనాలో, గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో వచ్చింది. దాన్ని లింగ్నాన్ పద్ధతి అంటారు. కొమ్మను పెరగనివ్వడం, కోయడం, మళ్ళీ పెరగనివ్వడం, మళ్ళీ కోయడం, అంతే. అక్కడిది వెచ్చటి వానల వాతావరణం, పెంచేవి ఫైకస్, కామిని లాంటి వెడల్పాకుల చెట్లు. అక్కడి గ్వాంగ్‌జౌ నగరం ఉన్నది ఇంచుమించు 23 డిగ్రీల అక్షాంశం మీద. హైదరాబాద్, రాజమండ్రి 17 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఓమియా 36 డిగ్రీల దగ్గర ఉంది. మన ఎండకు, మన వానకు, మన చెట్ల స్వభావానికి ఎవరి పాఠం దగ్గరగా ఉంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఫైకస్‌ను ఒక్క ఆకు లేకుండా మోడుగా కోసినా, వేళ్ళు బలంగా ఉంటే ముదురు బెరడు లోంచి కూడా చిగుళ్ళు తోసుకొస్తాయి. చెట్టే ఇంత సాయం చేస్తుంటే వాడుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కత్తెర పని దగ్గర్నుంచి చూస్తే ఇలా ఉంటుంది. ఫైకస్ కొమ్మను మొదట అసలు ముట్టుకోకుండా వదిలేయాలి. రెండడుగులు పెరిగి వికారంగా కనిపిస్తుంది, కనిపించనివ్వండి. ఆ పెరుగుదలే కొమ్మ మొదలును లావు చేస్తుంది. మాను లావులో మూడో వంతు నుంచి సగం దాకా వచ్చిందనుకున్నాక, ఒకటి రెండు కణుపులు మాత్రం ఉంచి మిగతాది కోసేయాలి. ఎక్కడ కోస్తున్నామన్నదే అసలు కిటుకు. ఆకు తొడిమ కొమ్మను కలిసే చోట చిన్న మొన లాంటి మొగ్గ ఉంటుంది. కొత్త కొమ్మ ఆ మొగ్గ చూస్తున్న వైపుకే వెళ్తుంది. కొమ్మ కుడికి తిరగాలంటే కుడి వైపు ఆకు చూసుకుని, దానికి కొంచెం పైన కోయాలి. తెల్లటి పాలు కారతాయి, తడిగుడ్డతో తుడిచేస్తే కాసేపటికి ఆగిపోతాయి. కొన్ని వారాల్లో మూడు నాలుగు చిగుళ్ళు వస్తాయి. వాటిలో కావలసినవి ఒకటో రెండో ఉంచి మిగతావి గిల్లేయాలి. మళ్ళీ మొదటి నుంచి అదే వరస.

ఇలా కొన్ని కోతలు అయ్యేసరికి కొమ్మ మొదట్లో లావుగా, కొసకు వచ్చేకొద్దీ సన్నగా, కణుపు కణుపుకీ మలుపుతో తయారవుతుంది. ఆకులన్నీ దులిపేసి చూసినా ముచ్చటగా ఉంటుంది. వైరు ఎంత నేర్పుగా చుట్టినా ఈ లావు సన్నాల తేడాను తీసుకురాలేదు. అది వంపు ఇస్తుంది గానీ ఒళ్ళు ఇవ్వదు.

మరి కత్తెర చేయలేనివి? పైకి పోయే కొమ్మను అది కిందికి దించలేదు. ఫైకస్ లేత కొమ్మలన్నీ ఆకాశం వైపే చూస్తాయి, అవి అలా ఉన్నంత కాలం చెట్టుకు పడుచు రూపం పోదు. కొమ్మలు కొంచెం కిందికి వాలితేనే పెద్దచెట్టు కళ వస్తుంది. ఇక్కడ వైరు కావాలి. లింగ్నాన్ దారిలో వెళ్ళేవాళ్ళు కూడా కొమ్మను దారిలో పెట్టడానికి ఓ సారి తీగ కట్టుకుంటారు, అందులో తప్పేమీ లేదు. మన మెత్తటి కొమ్మలకు అల్యూమినియం తీగ చాలు. దాని మందం కొమ్మ లావులో ఇంచుమించు మూడో వంతు ఉండాలి. 45 డిగ్రీల వాలుతో చుట్టాలి. మానుకో, పక్క కొమ్మకో మొదట ఆనించుకోకపోతే వంచినప్పుడు తీగ జారిపోతుంది. వంపు వెలుపలి వైపు తప్పకుండా తీగ ఉండాలి, ఎందుకంటే బెరడు సాగి చీలేది అక్కడే. చుట్టాక కొన్నాళ్ళు షేడ్ నెట్ కింద పెట్టండి. సెంట్రింగ్ వాళ్ళు ఊచలు కట్టుకునే బైండింగ్ వైరు చవకే గానీ, సన్నగా ఉండి కోసుకుపోతుంది, తుప్పు కూడా పడుతుంది. దాని జోలికి పోవద్దు.

వైరుతో మన దగ్గర వచ్చే చిక్కు చుట్టడంలో కాదు, తీయడంలో ఉంది. చలిదేశంలో నెలల తరబడి ఉంచే తీగ, మన వానాకాలంలో ఫైకస్ మీద నెల తిరిగేసరికే బెరడులోకి దిగిపోగలదు. తీగకు రెండు పక్కలా బెరడు ఉబ్బి, మరచుట్టు లాంటి గాడి పడుతుంది. ఆ మచ్చ మాయడానికి ఏళ్ళు పడుతుంది, కొన్నిసార్లు ఎప్పటికీ మాయదు. వారానికోసారి దగ్గరగా చూడటం, బిగుస్తోందనిపించగానే ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీసేయడం, ఈ రెండూ చేయగలిగితేనే వైరు పెట్టండి. డబ్బు మిగులుతుందని తీగను తిరగదిప్పి ఊడదీస్తే కొమ్మ విరుగుతుంది. ఈ టెన్షన్ అక్కర్లేదనుకుంటే దారంతో కొమ్మను కిందికి లాగి కుండీ అంచుకు కట్టుకోవచ్చు. దారం తగిలే చోట చిన్న రబ్బరు ముక్క పెడితే చాలు. వాలడానికి ఇది బాగానే పనిచేస్తుంది, మెలికలకు పనికిరాదు.

చెట్టును బట్టి కూడా లెక్క మారుతుంది. కాగితంపూల కొమ్మ పచ్చగా ఉన్నప్పుడు చెప్పినట్టు వింటుంది, ముదిరిందా పుటుక్కున విరుగుతుంది. లేత కొమ్మకు తేలిగ్గా వైరు, ముదురు కొమ్మకు కత్తెర. చింత కూడా దాదాపు ఇంతే, దాని చేవ చాలా గట్టిది. అడీనియంకు (ఎడారి గులాబీ) నేనైతే కత్తెర తప్ప వేరేది వాడను. సరుగుడు మాత్రం వైరుకు బాగా ఒదుగుతుంది, ఆ విద్య సాధన చేయాలన్న కోరిక ఉంటే దాని మీద చేయండి. కడియం నర్సరీల్లో లావు మొదలున్న ఫైకస్ మొక్కలు చూసి తెచ్చుకునేవాళ్ళకు వైరు అవసరం మొదట్లో దాదాపు రాదు. మానును వైరుతో వంచే దశ ఎప్పుడో దాటిపోయింది. కోసి, కొత్త కొమ్మలు తెప్పించుకోవడమే పని.

ఇక నలుగురికీ నేర్పే సంగతి. ఇక్కడ వైరు వైపు ఒక బలమైన వాదన ఉంది, దాన్ని నేను తోసిపుచ్చను. ఒక పూట వర్క్‌షాప్ పెడితే వైరుతో ఆ పూటకే ఫలితం కనిపిస్తుంది. వచ్చిన అమ్మాయి తన మొక్కను రెండు చేతులతో పట్టుకుని సంబరంగా ఇంటికి వెళ్తుంది. కత్తెర పాఠంలో ఆ సంబరం ఉండదు, మోడు చేతిలో పెట్టి “వచ్చే నెల చూద్దాం” అంటాం. కొత్తవాళ్ళు నిలబడాలంటే ఆ మొదటి సంబరం కావాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ తీగ ఎవరు తీస్తారు? నేర్పినవారు మళ్ళీ కనిపించరు, ఇంటికి వెళ్ళినవారికి ఎప్పుడు తీయాలో తెలియదు. వానలు అయ్యేసరికి మొక్క గాడులు పడి ఉంటుంది, “బోన్సాయ్ మనకు అచ్చిరాదు” అని ఇంకో మనిషి వదిలేస్తారు. ఇది తరచూ జరుగుతుంది. అందుకని వైరు నేర్పాలనుకునేవారు తీసే రోజు కూడా అప్పుడే ఖాయం చేసి, అందరినీ ఆ మొక్కలతోనే మళ్ళీ రమ్మనాలి. అలా కుదరదంటే కత్తెరతో మొదలుపెట్టడమే న్యాయం.

నెలకోసారి ఎవరో ఒకరి మిద్దె మీద కలుసుకునే చిన్న గుంపుకు కత్తెర పద్ధతి చక్కగా సరిపోతుంది. ప్రతిసారీ చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. ఏ మొగ్గ కదిలింది, ఏ చిగురు ఉంచాలి, ఎవరి కొమ్మ ఎంత లావైంది. పదేళ్ళ పిల్లవాడికి మొగ్గ ఎటు చూస్తోందో చూపిస్తే చాలు, ఎక్కడ కోయాలో వాడే చెప్పేస్తాడు. వైరు పట్టు దొరకడానికి పెద్దవాళ్ళ వేళ్ళకు కూడా చాలా సాధన కావాలి. దాన్ని పనికిరాని ఎండు కొమ్మల మీద పక్కగా నేర్పిస్తూ పోవచ్చు.

కత్తెర పద్ధతికి ఇంకో లాభం ఉంది, దీన్ని ఎందుకో ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కోసిన ప్రతి కొమ్మా ఇంకొకరికి మొక్క అవుతుంది. ఫైకస్‌లో పాండా, లాంగ్ ఐలాండ్ రకాలు, కాగితంపూలు, దళసరి ఆకుల జేడ్ కొమ్మలు వానల్లో తేలిగ్గా వేరు పోసుకుంటాయి. పెన్సిలంత లావు, జానెడు పొడవు ముక్క తీసుకుని, కింది ఆకులు తుంచి, ఫైకస్ అయితే పాలు ఆరనిచ్చి, ఇసుక, కోకోపిట్ (కొబ్బరి పీచు పొడి) కలిపిన మట్టిలో గుచ్చి నీడలో పెట్టండి. జేడ్ ముక్కను మాత్రం నాలుగైదు రోజులు ఆరనిచ్చి పెట్టాలి, లేకపోతే కుళ్ళుతుంది. ఎవరికైనా ఇచ్చేటప్పుడు రెండు ముక్కలివ్వండి, ఒకటి పోయినా రెండోది ఉంటుంది. కొత్త ఆకులు నాలుగైదు వచ్చేదాకా కదపవద్దని, మొదటి ఏడాది కత్తెర పెట్టవద్దని గట్టిగా చెప్పి మరీ ఇవ్వండి.