“ఒక్క గీత కూడా లేదు” అనే పాత చందమామలతో జాగ్రత్త

పాత చందమామలు, అమర్ చిత్రకథలు, ఇంద్రజాల్ కామిక్సు కొనేవాళ్లందరికీ ఒక హెచ్చరిక. ఈ మధ్య ఆన్‌లైన్‌లో “పేర్లు లేవు, ముద్రల్లేవు, పెన్ను గీతల్లేవు, కడిగిన ముత్యం” అంటూ కట్టలు అమ్మకానికి దిగుతున్నాయి. ముత్యం సంగతేమో గానీ, కడిగిన మాట మాత్రం నిజం.

ఒక కట్ట సంగతి చెబితే విషయం అర్థమవుతుంది. 1962, 63 తెలుగు చందమామలు, 24 సంచికలు, మొత్తం రూ. 9,600. ఫోటోల్లో అట్టలు మెరిసిపోతున్నాయి. పార్సిల్ విప్పగానే పాత కాగితం వాసనకు బదులు బ్లీచింగ్ పౌడర్ వాసన కొట్టింది. 9 అట్టల మీద కుడివైపు పై మూల, సరిగ్గా పిల్లలు పేరు రాసుకునే చోట, అగ్గిపెట్టెంత మేర మిగతా అట్టకన్నా తెల్లగా ఉంది. వేలు ఆనిస్తే పొడి రాలుతోంది. 5 సంచికల్లో సీరియల్ పేజీలే లేవు. 2 సంచికల్లో నాలుగేసి పేజీలు కంప్యూటర్ ప్రింట్లు. అడిగితే అమ్మినాయన జవాబు: “పాత పుస్తకాలు సార్, ఇలాగే ఉంటాయి. రిటర్న్ లేదని ముందే రాశాం కదా.”

(చందమామ కామిక్ కాదని మాకూ తెలుసు. కానీ తెలుగులో బొమ్మల కథలు పోగేసేవాళ్ల బీరువాలో మొదటి అర దానిదే.)

ఆ 9 అట్టల మీద పేర్లు అలాగే వదిలేసి ఉంటే ఎవరూ వంక పెట్టేవారు కాదు. పేరు, ఊరు, అద్దె పుస్తకాల షాపు ముద్ర, “పుట్టినరోజు కానుక” అని రాసిన వరస... ఇవన్నీ పుస్తకానికి సాక్షులు. అమర్ చిత్రకథలు 1967 నుంచి వస్తున్నాయి. అదే కథ, అదే అట్టతో ఎన్నోసార్లు మళ్లీ అచ్చయ్యాయి. ఏ కాపీ ఎప్పటిదో తేల్చడం కష్టం. లోపలి అట్ట మీద ఆనాటి సిరాతో “1974 దసరా, పెదనాన్న ఇచ్చినది” అని ఉందనుకోండి, ఆ కాపీ 1974 తర్వాత అచ్చయినది కాదని అక్కడికక్కడే తేలిపోతుంది. దాన్ని చెరిపేసి “నీట్ కాపీ” అని వంద రూపాయలు ఎక్కువ అడిగేవాణ్ణి ఏమనాలి?

ఎలా చెరుపుతారో తెలిస్తే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. పెన్సిల్ రాతను రబ్బరుతో తీస్తారు. నలుపు పోతుంది గానీ ఒత్తి రాసిన గాడి పోదు. గది చీకటి చేసి, ఫోన్ టార్చిని పేజీ పక్కన దాదాపు కాగితానికి ఆనించి వెలుతురు అడ్డంగా పడేలా పెట్టండి. గాళ్లు నీడలుగా తేలతాయి, చాలాసార్లు పేరు కూడా చదవొచ్చు. రబ్బరు గట్టిగా రుద్దిన చోట కాగితం పీచు లేచి నూగులా కనిపిస్తుంది. పాతకాలం పెన్సిళ్లలో ఒక రకం ఉండేది, తడి తగిలితే ఊదారంగుకు తిరిగేది. దాని మీద తడిగుడ్డ వేసి, ఊదా మరక పేజీ అంతా పాకాక ఆ పేజీనే పీకేసిన ఘనులు ఉన్నారు.

ఫౌంటెన్ పెన్ను సిరాకు బట్టలకు వాడే బ్లీచి. ఇదే అన్నిటికన్నా పెద్ద నష్టం. పాత కథల పుస్తకాల లోపలి కాగితం చాలావరకు న్యూస్‌ప్రింట్, చెక్క గుజ్జు కాగితం. బ్లీచి సిరా రంగును తినేస్తుంది, దాంతోపాటు కాగితం పీచునూ కొరుకుతుంది. పుస్తకం విప్పి నీళ్లలో పూర్తిగా కడగరు కాబట్టి మిగిలిపోయిన మందు లోపల పని చేస్తూనే ఉంటుంది. కొన్న రోజు తెల్లగా ఉన్న మచ్చ కొన్ని నెలలకు పసుపో గోధుమో అవుతుంది, ఆ తర్వాత అక్కడే పెళుసెక్కి అప్పడంలా విరుగుతుంది. ఫోటోలో చూసేటప్పుడు ఒకటే గుర్తు: కాగితం అంతా ఒకేలా పండిందా లేదా? అరవై ఏళ్ల పేజీలో మూలన మాత్రమే తెల్లటి ముక్క ఉంటే చాలావరకు బ్లీచినే అనుమానించాలి.

బాల్‌పెన్ను గీతకు స్పిరిటో, శానిటైజరో, గోళ్ల రంగు తీసే మందో వాడతారు. గీత పూర్తిగా పోదు, చుట్టూ లేత నీలి వలయంగా పాకి వెనక పేజీకి దిగుతుంది. అందుకే అట్ట ఫోటో ఎంత బాగున్నా అట్ట లోపలి వైపు ఫోటో అడగాలి. అట్ట మీద రంగు ఊడిన చోట స్కెచ్ పెన్నుతో పూసినా లోపలి వైపే బయటపడుతుంది. వాచీ రిపేరువాళ్ల భూతద్దం, పది రెట్లు పెద్దగా చూపేది, ఒకటి కొనుక్కోండి. అచ్చు రంగు ఎక్కువగా చుక్కలు చుక్కలుగా ఉంటుంది, పెన్నుతో పూసింది చుక్కల్లేకుండా నిండుగా ఉంటుంది.

రబ్బరు స్టాంపు ముద్ర చాలాసార్లు మందులకు లొంగదు. దానికి వాళ్ల దగ్గర మూడు దారులు: మూల కత్తిరించడం, బ్లేడుతో పైపొర గీకడం, మీద ధర స్టిక్కరు అంటించడం. పాత పుస్తకం మీద కొత్త స్టిక్కరు కనిపిస్తే కింద ఏముందో అడగండి. గీకిన చోటును వెలుతురుకు పట్టి చూస్తే పలచగా, దాదాపు అవతలివైపు తెలిసేలా కనిపిస్తుంది.

ఇక మాయమైన పేజీలు. తెలుగిళ్లలో చందమామ సీరియల్ పేజీలు నెలనెలా చించి, కథ పూర్తయ్యాక బైండు చేయించుకోవడం అప్పట్లో మామూలే. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లకు, బేతాళ కథలకు ఎక్కువగా ఈ గతి పట్టింది. అలా చించిన సంచికల్లో అక్కడక్కడా “చించినాము” అని మార్జిన్‌లో రాసి ఉండేది. ఆ రాత చెరిపేస్తే కొనేవాడికి అనుమానం రాదు, అంతే కథ. కాబట్టి పేజీ నంబర్లు వరసగా కనిపించేలా వీడియో అడగండి. నడిమి పిన్నుల పుస్తకాలకు ఇంకో కిటుకు ఉంది. ఒక్కో కాగితం మడిస్తే నాలుగు పేజీలు, ముందు సగంలో ఒక ఆకు చిరిగితే వెనక సగంలో దాని జత ఆకు వదులై బయటికి జారుతుంది. మామూలు అమర్ చిత్రకథకు లోపల 32 పేజీలు, అంటే ఎనిమిది మడత కాగితాలు. నడిమి పేజీ తెరిచి పిన్నులు చూడండి. పిన్ను తళతళలాడుతూ, చుట్టూ కాగితానికి మాత్రం పాత తుప్పు మరక ఉంటే పుస్తకాన్ని ఎవరో విప్పారు. ఎందుకు విప్పారన్నది తర్వాతి ప్రశ్న.

అద్దె షాపుల కాపీలు వేరే జాతి. వీటికి మార్జిన్‌లో మూడు బెజ్జాలు పెట్టి దారంతో పక్క కుట్టు వేసేవారు, కొన్నిటికి మూడు వైపులా కటింగు చేయించేవారు. కటింగులో పై అంచు బొమ్మ, పేజీ నంబరు సగం ఎగిరిపోతాయి. బైండు విప్పి కుట్టు తీసి “విడి సంచిక” అని అమ్ముతున్నారు. బెజ్జాలు ఎక్కడికీ పోవు, చూస్తే కనిపిస్తాయి. అదే ఏడాది సంచిక మీ దగ్గర ఉంటే స్కేలు పెట్టి ఎత్తు, వెడల్పు కొలిచి, అమ్మేవాడి కాపీ కొలతలు మిల్లీమీటర్లలో అడగండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా అచ్చులోనే ఉండొచ్చు, ఐదు దాటితే కత్తి పడినట్టే.

ఇప్పుడు దీనికి సరిగ్గా తిరగేసిన మోసం, దొంగ రాతలు. పాత రాతలకు విలువ తెలిసినవాళ్లూ పెరుగుతున్నారు కదా, వాళ్ల కోసం ఇది. మలిముద్రణ మీద, ప్రింటవుట్ మీద పాత తేదీ వేసి, పాత గ్రంథాలయం ముద్ర కొడుతున్నారు. వీటిని పట్టుకోవడానికి సైన్సు అక్కర్లేదు, చరిత్ర చాలు. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ముద్రలో పిన్‌కోడ్, పక్కన 1966 తేదీ ఉంటే ఇంకేం చూడనక్కర్లేదు. రంగారెడ్డి జిల్లా 1978లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడి 1972లో ప్రకాశం అయింది. “ప్రకాశం జిల్లా, 1965” అని ముద్ర ఉందంటే అది ఎవరి ప్రకాశమో మీరే ఊహించుకోండి. రూపాయికి నూరు పైసల లెక్క 1957 ఏప్రిల్ 1న మొదలైంది, “నయా పైసలు” అన్న మాట 1964 దాకా నడిచింది. అద్దె ముద్రలో “రోజుకు 5 పైసలు”, తేదీ 1953 అంటే కుదరదు. సిరా కూడా చూడాలి. జెల్ పెన్ను పుట్టిందే 1980ల్లో, జపాన్‌లో. 1971 తేదీ జెల్ సిరాతో మెరుస్తుంటే నవ్వుకుని పక్కకు పెట్టేయండి. అయితే ఒక మినహాయింపు: పాత యజమాని తన పుస్తకాల మీద చాలా ఏళ్ల తర్వాత ముద్ర కొట్టుకోవచ్చు. కాబట్టి ముద్ర కొత్తదైనంత మాత్రాన పుస్తకం దొంగది కాదు. ముద్రలోని తేదీ, మిగతా వివరాలు ఒకదానికొకటి పొసగకపోవడమే గుర్తు.

“చిత్రకారుడి సంతకంతో” అని మరో ఎర ఉంది. వడ్డాది పాపయ్య గారి అట్టల మీద “వ.పా.” అని ఉండేది బొమ్మలో భాగం, ప్రతి కాపీలోనూ అచ్చయినదే. దాన్ని స్వహస్త సంతకమని అమ్మజూపినవాళ్లు ఉన్నారు. భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అచ్చు.

అన్నిటికన్నా తెలివైనది ప్రింటవుట్ మోసం. స్కాన్ చేసిన పాత సంచికల ఫైళ్లు చాలామంది దగ్గర ఉన్నాయి. వాటిని పసుపు ఛాయ కాగితం మీద ప్రింటు తీసి మధ్యలో కలుపుతారు. స్కాన్‌లో పాత యజమాని పేరు, టీ మరక, కలర్ పెన్సిల్ పూత కూడా ఉంటాయి కాబట్టి చూడగానే “ఎంత పాతదో” అనిపిస్తుంది. అదే వలలో పడటం. నిజమైన పెన్సిల్, బాల్‌పెన్ను రాతకు గాడి ఉంటుంది, పేజీ వెనక తడిమితే ఉబ్బు తెలుస్తుంది. ప్రింటులోని “రాత” నున్నగా ఉంటుంది, భూతద్దంలో చుక్కలుగా విడిపోతుంది. లేజర్ ప్రింటు మడత దగ్గర పొడిపొడిగా ఊడి తెల్లగీత పడుతుంది. కరెన్సీ నోట్లు పరీక్షించే యూవీ టార్చి కిందపెడితే కొత్త కాగితం ఎక్కువగా నీలి తెలుపులో వెలుగుతుంది, పాత న్యూస్‌ప్రింట్ వెలగకుండా మసకగా ఉండిపోతుంది. అట్టల విషయంలో మాత్రం ఈ పరీక్షను ఒంటరిగా నమ్మకండి, 1950ల తర్వాతి మంచి కాగితాల్లో కూడా వెలిగే రసాయనం ఉండొచ్చు. ఒకే పేరు, ఒకే వంకరతో, ఒకే చోట రెండు వేర్వేరు అమ్మకాల్లో కనిపిస్తే ఇంక పరీక్షలు కూడా అనవసరం.

అమెరికాలో ఉంటూ అక్కడి కామిక్సు కొనే మనవాళ్లకు ఒక్క మాట. అక్కడ లామాంట్ లార్సన్ అనే ఆయన చిన్ననాటి కాపీల మీద షాపువాళ్లు పెన్సిల్‌తో రాసిన ఆయన పేరే వాటికి గుర్తింపు, ఆ పేరున్నందుకే ఎక్కువిచ్చి కొంటారు. చెరిపిన కాపీ కన్నా రాసిన కాపీ మేలని వాళ్లు ఎప్పుడో తేల్చుకున్నారు. 1974 నాటి హల్క్ కామిక్ 181వ సంచికలో, ఉత్తరాల పేజీలో మార్వెల్ కంపెనీ అచ్చేసిన బొమ్మ స్టాంపును పిల్లలు కత్తిరించుకునేవారు. అది లేకపోతే ధర పాతాళానికి పోతుంది. ఆ పేజీ ఫోటో చూడకుండా డబ్బు కట్టకండి.

డబ్బు పంపే ముందు అడగాల్సినవి: ముందు అట్ట, వెనక అట్ట, రెండు లోపలి అట్టలు, నడిమి పేజీ పిన్నులతో, పక్క నుంచి టార్చి వేసి తీసిన అట్ట ఫోటో, పేజీలన్నీ తిప్పిన వీడియో. “రాతలు, ముద్రలు చెరిపారా? పేజీలు, పిన్నులు మార్చారా?” అని వాట్సాప్‌లో అడిగి, జవాబు మాటల్లో కాక రాతలో తీసుకోండి. “రిటర్న్ లేదు” అన్నా సరే, చెరపలేదని రాసిచ్చిన జవాబు తర్వాత గొడవలో మీకు ఆసరా. పార్సిల్ విప్పేటప్పుడు చిరునామా కాగితం నుంచి చివరి పుస్తకం దాకా ఎక్కడా ఆపకుండా వీడియో తీయండి. పెద్ద కట్టకు మొత్తం ముందే పంపొద్దు, రెండు సంచికలు తెప్పించి చూశాక మిగతావి. ఆబిడ్స్ ఆదివారం బజారులోనో, విజయవాడ లెనిన్ సెంటర్లోనో దొరికే అవకాశం ఉంటే అక్కడే నయం, చేతిలో పట్టుకుని వాసన చూసి కొనొచ్చు.

ధర మాట. మా లెక్కలో అట్ట లోపలి పేరుకు, ముద్రకు తగ్గింపు అడగడం పిసినారితనం. కథ పేజీలో బాల్‌పెన్ను గీతలకు, పిల్లలు రంగులు పూసిన బొమ్మలకు పదో వంతు నుంచి ఐదో వంతు దాకా తగ్గించమనొచ్చు. ఒక ఆకు లేకపోతే సగం. బ్లీచి వాసన ఉంటే ఊరికే ఇచ్చినా ఇంటికి తేవద్దు.

ఇప్పటికే ఇలాంటి కట్ట చేతికొచ్చి ఉంటే, బ్లీచి వాసన ఉన్నవాటిని మిగతా పుస్తకాల నుంచి వేరు చేసి, గాలి తగిలే చోట నీడన ఉంచండి, ఎండలో వద్దు. తడిగుడ్డ, ఇస్త్రీ పెట్టె, సెల్లోటేపు దగ్గరికి రానివ్వద్దు. అమ్మినవాడు వెనక్కి తీసుకునే అవకాశం ఉన్నంతవరకు పిన్ను కూడా కదపకండి, కదిపారంటే మీరే పాడు చేశారంటాడు.