అలిపిరి మెట్లెక్కే ముందు: లిట్‌మన్ కోర్ డిజిటల్ స్టెతస్కోప్‌తో ఏడాదిన్నర

తిరుపతిలో జనరల్ ప్రాక్టీసు చేసేవారిని పెద్ద వయసువారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాను, నా గుండె తట్టుకుంటుందా?" అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కబోయే మనిషికి, ఆటోల హారన్ల మధ్య, ఫ్యాను చప్పుడు మధ్య విన్న నాలుగు గుండె చప్పుళ్లను నమ్ముకుని జవాబు చెప్పడం నాకెప్పుడూ భయంగానే ఉండేది. ఏడాదిన్నర క్రితం లిట్‌మన్ కోర్ డిజిటల్ స్టెతస్కోప్ కొన్నది అందుకే.

లిట్‌మన్ స్టెతస్కోప్‌కు, అమెరికాలోని బర్క్లీలో 2013లో మొదలైన ఈకో సంస్థ ఎలక్ట్రానిక్ పరిజ్ఞానాన్ని జోడించి తయారుచేసిన పరికరమిది. శబ్దాన్ని 40 రెట్ల వరకు పెంచుతుంది, చుట్టుపక్కల రొదను తగ్గిస్తుంది, బ్లూటూత్ ద్వారా ఫోనుకు పంపి గుండె చప్పుడును తెరమీద గీతలుగా చూపిస్తుంది. కావాలనుకున్నప్పుడు మామూలు స్టెతస్కోప్‌లాగానూ వాడుకోవచ్చు.

కిందటి కార్తీకంలో డెబ్బై దాటిన ఒక రైతు కొడుకును వెంటబెట్టుకుని వచ్చారు. రోజూ చేనికి నడిచి వెళ్లే మనిషి, తనకు ఏ జబ్బూ లేదన్నారు. రొమ్ము ఎముకకు కుడిపక్కన, రెండో పక్కటెముక కింద ఆనించి వింటే, గుండె లబ్-డబ్‌లో మొదటి చప్పుడుకూ రెండో చప్పుడుకూ మధ్య రంపంతో కోస్తున్నట్టు గరగరమని మర్మర్ (గుండె మామూలు చప్పుళ్ల మధ్య వినిపించే అదనపు శబ్దం) వినిపించింది. మెడ రక్తనాళం మీద పెట్టినా అదే వినిపించింది. గుండె నుంచి ఒంటికి రక్తం బయల్దేరే తలుపు, అంటే బృహద్ధమని కవాటం, ఇరుకైనప్పుడు వచ్చే శబ్దమది. మెట్లెక్కేటప్పుడు శరీరం అడిగినంత రక్తాన్ని గుండె ఆ ఇరుకులోంచి పంపలేకపోతుంది కనుక, అలాంటివారు శ్రమపడినప్పుడు కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంటుంది. కొడుకు నమ్మలేదు. ఇద్దరి గుండెలనూ పదిహేను సెకన్ల చొప్పున రికార్డు చేసి ఫోనులో వినిపించాను. తెరమీద కొడుకు గీతలో రెండు చప్పుళ్ల మధ్య ఖాళీ ఉంది, తండ్రి గీతలో ఆ ఖాళీ అంతా మృదంగంలా నడుమ ఉబ్బి, రెండు వైపులా సన్నబడి నిండిపోయింది. అతను కాసేపు మాట్లాడకుండా చూసి, "స్విమ్స్‌కు ఎప్పుడు పోవాల సార్?" అని తిరుపతిలోని పెద్దాసుపత్రి గురించి అడిగాడు. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసే ఎకోకార్డియోగ్రామ్ పరీక్షలో కవాటం బాగా ఇరుకైందని తేలింది. నేను పెట్టిన డబ్బుకు ఈ పరికరం ఇచ్చిన ఫలితం అది: నా చెవికి మాత్రమే తెలిసిన సంగతిని ఇంటివాళ్లు కూడా విని, కళ్లారా చూసి నమ్మగలిగారు.

అయితే పెంచిన శబ్దంతో ఒక చిక్కుంది. మర్మర్ తీవ్రతను ఆరు గ్రేడులుగా లెక్కించడం మామూలు స్టెతస్కోప్‌తో విన్న చెవులకు అలవాటైన పద్ధతి. పెంచి వింటే రెండో గ్రేడు కూడా నాలుగులా అనిపిస్తుంది. అందుకే పెంచి కనిపెట్టిన దాన్ని, మీట మార్చి మామూలుగా విన్న తర్వాతే గ్రేడు రాసుకుంటాను. చీర కొంగు రాసుకున్నా, ఛాతీ మీది వెంట్రుకలు తగిలినా ఆ గరగర కూడా పెరుగుతుంది కనుక, ఏ డిజిటల్ స్టెతస్కోప్‌నైనా చర్మానికే గట్టిగా ఆనించాలి.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, మర్మర్‌ను గుర్తించి, అది నిర్దోషమైనదా, గుండె నిర్మాణంలో లోపం వల్ల వచ్చిందా అని తేల్చడంలో వైద్యుడికి తోడ్పడే ఈకో సాఫ్ట్‌వేర్‌కు అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2022లో అనుమతి ఇచ్చింది. వ్యాధి నిర్ణయం మాత్రం వైద్యుడిదే, నిర్ధారణకు ఎకోకార్డియోగ్రామ్ కావలసిందే. గుండె పంపింగ్ బలం తగ్గిందేమో పసిగట్టే విశ్లేషణకు 2024లో అనుమతి వచ్చింది, కానీ దానికి ఈసీజీ కూడా తీసే పరికరం ఉండాలి. నేను కొన్న దానిలో ఈసీజీ లేదు. నాకు అమ్మిన దుకాణదారు అన్నీ ఇందులోనే వస్తాయని చెప్పారు, డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్న తర్వాతే అసలు సంగతి తెలిసింది. విశ్లేషణ సదుపాయాలకు విడిగా చందా కట్టాలన్న మాట కూడా ఆయన చెప్పలేదు. క్రమం తప్పిన గుండె లయను పట్టడమే మీ ముఖ్య అవసరమైతే, ఈసీజీ ఉన్న మోడల్ చూసుకోవడం మంచిది.

రికార్డు చేసే ముందు రోగిని అడుగుతాను, ఫైలుకు పేరు బదులు ఓపీ నంబరు పెడతాను. ఇప్పటివరకు ఒక్కరూ వద్దనలేదు. చాలామంది తమ గుండె చప్పుడును ఇంకోసారి వినిపించమనే అడిగారు.