తిరుపతిలో కొన్న చేతి ఎముకల సెట్: బోర్డు బాగుంది, కార్డులో తప్పుంది

చిత్తూరు దగ్గర గవర్నమెంట్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. పిల్లల కోసం తిరుపతిలో ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక షాపులో ఈ సెట్ తీసుకున్నాను, 2,800 రూపాయలు, సొంత డబ్బులే. చెక్క బోర్డు మీద మనిషి చెయ్యి, కుక్క, ఆవు, గుర్రం ముందరి కాళ్లు ప్లాస్టిక్ ఎముకలతో పక్కపక్కనే ఉంటాయి.

మనిషి చెయ్యి చాలా బాగా చేశారు. 27 ఎముకలూ విడివిడిగా తెలుస్తాయి: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. వేలికి మూడు చొప్పున లెక్కేసి 15 అన్న పిల్లలు, బొటనవేలు తడిమి చూసుకుని దానికి రెండే ఉన్నాయని వాళ్లే దిద్దుకున్నారు. కుక్క పంజాకి పైన ఉండే చిన్న గోరు, అంటే దాని బొటనవేలు, అది కూడా మర్చిపోలేదు.

నాకు కోపం వచ్చింది ఆవు దగ్గర. ముందుకాలి మధ్యలో ఉన్న కీలుకి కార్డులో 'మోకాలు' అని అచ్చేశారు. అది మోకాలు కాదు, మణికట్టు! ఇళ్లలో అందరం మోకాలనే అంటాం, అది వేరే సంగతి, కానీ ఈ బోర్డు కొనేదే మన చేతిని వాటి కాలితో పోల్చి చూడ్డానికి కదా, అక్కడే తప్పు రాస్తే పిల్లలకి మిగతా ఎముకలు ఏవీ కుదరవు. ఆ కీలు కింద పొడుగ్గా కనిపించేది మన అరచేతిలో మూడో ఎముక, నాలుగో ఎముక కలిసిపోయి ఒకటైనది, ముందువైపు నిలువుగా సన్నని గాడి కూడా చూపించారు, దాని కింద రెండు గిట్టలూ మన నడిమి వేలు, ఉంగరపు వేలు.

కాగితం అంటించి దిద్ది క్లాసులో చూపిస్తే, ఇంట్లో పుంగనూరు ఆవులున్న ఒక అమ్మాయి ఆ రెండు వేళ్లు బెంచీ మీద ఆనించి, మణికట్టు పైకెత్తి, "అయితే మా ఆవు పొద్దంతా ఇట్లా నిలబడి ఉంటుందా సార్?" అంది. గుర్రానిది ఒక్క నడిమి వేలే అని చెప్పగానే క్లాసంతా ఒంటి వేలి మీద బరువు మోపడం మొదలుపెట్టారు.

షాపులో ఫోన్ చేసి చెప్తే ఓపిగ్గా విన్నారు, తయారుచేసేవాళ్లకి చెప్తామన్నారు. కొనేవాళ్లు కార్డు అక్కడే తెరిచి ఆవు లైను చూసుకోండి. బోర్డు దాదాపు మూడడుగులుంది, రద్దీ బస్సులో మాత్రం తేవద్దు, నాకు కుక్క పంజా తీగ ఒకటి వదులైంది.