సిరిమాను జాతరకు 13 లక్షల వాచీతో

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతరకు వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందే రెండు మాటలు చెప్పేస్తాను. ఒకటి, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కల లాడ్జీలవాళ్ళు ఫోన్‌లో చెప్పే రేటు నమ్మొద్దు. డబ్బు కట్టి రసీదు వచ్చాకే రైలెక్కండి. రెండు, పెట్టుబడి అని చెప్పి ఎవరో అంటగట్టిన ఖరీదైన వాచీ మీ దగ్గరుంటే చేతికైనా పెట్టుకోండి, ఇంట్లోనైనా వదిలెయ్యండి. సంచిలో దాచుకుని మాత్రం తిరగొద్దు. మా బావ ఆ పనే చేసి, సికింద్రాబాద్ నుంచి అంత దూరం వచ్చి కూడా సిరిమాను చూడకుండా లాడ్జి గదిలో కూర్చున్నాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

వాచీ స్విస్ కంపెనీ రోలెక్స్ చేసే సబ్‌మెరైనర్. 2022 మార్చిలో హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర 13 లక్షలకు కొన్నాడు. షోరూంలో అడిగితే పేరు రాసుకుంటాం, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారట. దాంతో షోరూం ధర మీద ఇంకా లక్షలు పోసి బయట కొన్నాడు. బావకు చిన్నప్పటినుంచి వాచీలంటే ప్రాణం. కాలేజీ రోజుల్లో స్నేహితుల వాచీలు అడిగి మరీ ఒక పూట పెట్టుకుని తిరిగేవాడని అక్క ఇప్పటికీ చెబుతుంది. అలాంటి మనిషికి ఆ డీలర్, "సార్, దీన్ని వాచీ అనుకోకండి, ఆస్తి అనుకోండి. గీత పడితే రేటు పడిపోతుంది, స్టిక్కర్ కూడా తియ్యకండి" అని నూరిపోశాడు. అంతే, అది బ్యాంకు లాకర్లోకి వెళ్ళింది. మూడేళ్ళలో బావ దాన్ని పెళ్ళికి పెట్టుకోలేదు, పండక్కి పెట్టుకోలేదు.

దాన్ని ఈ ప్రయాణానికి ఎందుకు తెచ్చాడంటే, విశాఖలో ఒకాయన పాత లగ్జరీ వాచీలు కొంటాడని తెలిసింది. దారిలో చూపించి రేటు కనుక్కుందామనుకున్నాడు. ఆయన డబ్బా, వారంటీ కార్డు అన్నీ చూసి 9 లక్షల 80 వేలు అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు, కాఫీ ఇప్పించాడు, ఆయన మీద నాకు ఫిర్యాదేమీ లేదు. మీరు ఎంతకు అమ్ముకుంటారని నేనే అడిగితే, 11 లక్షల పైన వస్తుందని దాచకుండా చెప్పాడు. ఇంటర్నెట్‌లో మనకు కనిపించేది ఆ అమ్మే రేటు. మన చేతికొచ్చేది కొనే రేటు. మధ్యలో షాపు అద్దె, ఆయన లాభం, అమ్ముడుపోయేదాకా ఇరుక్కుపోయే డబ్బు అన్నీ ఉంటాయి. బావ ఇన్నాళ్ళూ ఫోన్‌లో చూసుకుని మురిసిపోయింది మనకు రాని రేటును.

విశాఖ నుంచి విజయనగరానికి కారు 2,200 రూపాయలు. ఆ దారంతా అక్క లెక్కలే. అదే 13 లక్షలు బ్యాంకులో 6 శాతానికి వేసినా ఈపాటికి 15 లక్షలు దాటేవి. బంగారం అయితే, అప్పట్లో మేలిమి 10 గ్రాములు 50 వేల పైచిలుకు ఉండేది, 2025లో లక్ష దాటేసింది. ఆనందపురం దాటినా అక్క ఆపలేదు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇక లాడ్జి సంగతి. ఫోన్‌లో ఏసీ గది 1,600 అన్నారు. వెళ్ళాక, జాతర కదండీ 3,500 అన్నారు. రెండు గదులకు 7,000. రసీదు అడిగితే "తర్వాత ఇస్తాం" అన్నారు, చివరిదాకా ఇవ్వలేదు. ఏసీ ఉంది, రిమోట్ లేదు. గీజర్ స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలుగుతుంది, నీళ్ళు మాత్రం చల్లగానే వస్తాయి. దుప్పట్ల మీద ముందు పడుకున్నవాళ్ళ తలనూనె వాసన. ఇవన్నీ జాతర రోజుల్లో సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది బీరువా. తాళం వేసి లాగి చూస్తే గడియ బిగించిన రెండు స్క్రూలూ ఊడి నా చేతిలోకి వచ్చాయి. కింద కౌంటర్లో లాకర్ ఉందా అని బావ అడిగితే, మేనేజర్ తలెత్తకుండా గోడ మీద బోర్డు వైపు చెయ్యి చూపించాడు. విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదట. గది మార్చమంటే, "నచ్చకపోతే ఖాళీ చేసెయ్యండి, బయట పది మంది నిలబడున్నారు" అన్నాడు. అక్క ముందు, మా మేనకోడలి ముందు అలా మాట్లాడాడు. డబ్బు ఎక్కువ తీసుకున్నందుకు కాదు గానీ, ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది.

అప్పటినుంచి బావకు ఒకటే టెన్షన్. గదిలో వదల్లేడు, చేతికి పెట్టుకుని లక్షల జనంలోకి రాలేడు, జేబులో వేసుకుంటే గీతలు పడతాయని భయం. మంగళవారం మధ్యాహ్నం మేం బయల్దేరుతుంటే, "మీరెళ్ళి రండి, నాకు తలనొప్పిగా ఉంది" అన్నాడు. తలనొప్పి ఎందుకో అందరికీ తెలుసు.

మేం మూడులాంతర్ల నుంచి కోటకు వెళ్ళే దారిలో ఒక మేడ మీద చోటు సంపాదించాం. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. వాటి వెనక అంత పొడవు చింతమాను కొసన కుర్చీలో పూజారి, ఆకాశంలో తేలుతున్నట్టు. కింద జనం అరటిపళ్ళు విసురుతున్నారు. అమ్మవారి చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది సిరిమాను. మూడోసారి మా ఎదురుగా వచ్చేసరికి అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన ఉంటే బాగుండేది అంది. బావ అదంతా గదిలో లోకల్ టీవీలో చూశాడు.

మర్నాడు పొద్దున్నే లాడ్జి ఖాళీ చేసి గంటస్తంభం వైపు వెళ్ళాం. నా వాచీ రోజుకు పావుగంట వెనకబడుతోంది. నాది హెచ్ఎంటీ పైలట్, ఉద్యోగంలో చేరిన కొత్తలో 600కి కొన్నది, పొద్దున్నే కీ ఇవ్వాలి. 1885లో కట్టిన ఆ స్తంభానికి దగ్గర్లో, ఇద్దరు నిలబడితే నిండిపోయే వాచీ రిపేరు కొట్టు ఒకటి దొరికింది. పెద్దాయన కంటికి ఐగ్లాస్ పెట్టుకుని, సన్నటి కత్తి మొనతో వెనక మూత లేపి, "ఎన్నాళ్ళైంది బాబూ ఇది తీసి?" అన్నాడు. నూనె ఎండి గోధుమరంగు జిగురైపోయింది. పళ్ళచక్రాలు ఒక్కొక్కటీ పట్టకారుతో తీసి, పెట్రోల్‌లో కడిగి, రబ్బరు బుడ్డితో గాలి ఊది, గాజు గిన్నె కింద బోర్లించాడు. తర్వాత సూది కొసన కంటికి ఆనీ ఆననంత నూనె బొట్టు తీసుకుని, చక్రాల ఇరుసులు ఆనే ఒక్కో రాయి దగ్గర ఆనించాడు. బ్యాలెన్స్ వీల్, అంటే అటూ ఇటూ ఊగుతూ వాచీని నడిపే చక్రం, మళ్ళీ కదిలినప్పుడు మేనకోడలు ఊపిరి బిగబట్టి చూసింది. సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది అది. బావ రోలెక్స్‌లోది ఎనిమిదిసార్లు. కొత్త అద్దంతో కలిపి 550 తీసుకున్నాడు. ఆ ఊళ్ళో నేను సంతోషంగా ఇచ్చిన డబ్బు అదొక్కటే.

పక్కనే సొరుగులోంచి ఇంకో హెచ్ఎంటీ తీసి చూపించాడు. డయల్ కొత్తదానిలా మెరుస్తోంది. ఐగ్లాస్‌లోంచి చూస్తే అక్షరాల అంచులు చెదిరి ఉన్నాయి. పాత డయల్ గీకేసి మళ్ళీ రంగేసింది. ఆన్‌లైన్‌లో పాత వాచీలని అమ్మేవాటిలో ఇలాంటివి చాలా ఉంటాయట. 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో బెంగళూరులో మొదలైన హెచ్ఎంటీ వాచీల కంపెనీని 2016లో ప్రభుత్వం మూసెయ్యాలని నిర్ణయించాక జనం వీటికోసం ఎగబడ్డారు, నకిలీలూ అప్పుడే పెరిగాయి. నా పైలట్‌కి ఇప్పుడు వేలల్లో ఇస్తామంటున్నారు. గొప్పగా ఉంటుంది వినడానికి. కానీ ఆ 600 ఇన్నేళ్ళూ బ్యాంకులో పడి ఉన్నా అంతకు తక్కువయ్యేవి కావు. ఆ వాచీ నాకిచ్చింది వేరే. ప్రతి పొద్దునా కీ తిప్పుతుంటే వేళ్ళకు తెలిసే ఆ బిగువు నాకు చాలు.

బావ అప్పుడు సంచిలోంచి డబ్బా తీసి ముందు పెట్టాడు. పెద్దాయన చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు. "దీని మూత తీసే పనిముట్టు నా దగ్గర లేదు బాబూ, కంపెనీవోళ్ళకే ఇవ్వండి" అన్నాడు. తర్వాత, "సేతికి పెట్టుకోవా? ఏటి మరి?" అన్నాడు. పెట్టుకోకపోయినా లోపల నూనె పాతబడుతూనే ఉంటుందని, కొన్నేళ్ళకు సర్వీసు తప్పదని చెప్పాడు. బావకు డీలర్ ఆ ఖర్చు గురించి చెప్పనే లేదు. రోలెక్స్ వాళ్ళే సుమారు పదేళ్ళకోసారి సర్వీసు చేయించమంటారు. ఆ బిల్లు కూడా వేల మీద వేలు.

వాచీ అంటే ఆస్తి అని నమ్మించడానికి డీలర్లు చెప్పే ఉదాహరణలు అబద్ధాలు కావు. పాల్ న్యూమన్ అనే నటుడు పెట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. పటేక్ ఫిలిప్ కంపెనీ నాటిలస్ 5711 అనే మోడల్ తయారీని 2021లో ఆపేస్తున్నామనగానే దాని రేటు షోరూం ధరకు ఎన్నో రెట్లయింది. కానీ మొదటిదాన్ని పెట్టుకున్నది పాల్ న్యూమన్, మన బావ కాదు. రెండోది 2022 మొదట్లో శిఖరానికి చేరి అక్కణ్ణుంచి దిగింది. కోవిడ్ రోజుల్లో చేతిలో డబ్బాడినవాళ్ళు, క్రిప్టోలో సంపాదించినవాళ్ళు ఎగబడి పెంచిన రేట్లవి. బావ కొన్నది సరిగ్గా ఆ శిఖరం మీద. మామూలు బ్రాండ్ల వాచీలైతే షోరూం గుమ్మం దాటగానే ధర పడిపోతుంది.

ఇంకో సంగతి. స్విట్జర్లాండ్ కూడా ఉన్న ఎఫ్టా కూటమి దేశాలతో మన వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం దశలవారీగా ఏడేళ్ళలో పోతుంది. పెట్టుకోవడానికి కొనేవాడికి ఇది మంచి వార్త. అటక మీద దాచి రేటు పెరుగుతుందని ఎదురుచూసేవాడికి కాదు. 10 లక్షలు దాటిన వాచీ కొంటే 2025 ఏప్రిల్ 22 నుంచి అమ్మేవాడు 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే పట్టుకునే పన్ను, కూడా వసూలు చెయ్యాలి. తర్వాత ఇన్‌కం టాక్స్‌లో సర్దుకోవచ్చు గానీ, ముందు చేతిలోంచి పడుతుంది. లాకర్లో పెట్టాం కదా అంటే, అక్కడ దొంగతనం జరిగినా అగ్నిప్రమాదం జరిగినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. బావ లాకరు అద్దె 2,500. అంటే రెండున్నర లక్షలు.

విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్ళాం. అక్కడ ఏ ఇబ్బందీ లేదు. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర హోటల్ గది 1,900, చెప్పిన రేటే తీసుకున్నారు, వేడినీళ్ళు వచ్చాయి, గదిలో అంకెలు నొక్కే చిన్న లాకర్ కూడా ఉంది. అరసవల్లి దర్శనం గంటలో అయిపోయింది. మెస్సులో 130 రూపాయల భోజనంలో పనసపొట్టు ఆవపెట్టిన కూర వేశారు, అక్క మూడుసార్లు అడిగి వేయించుకుంది. పొందూరు వెళ్ళి ఖద్దరు చూశాం. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారక్కడ. ఆ పళ్ళ మధ్యనుంచి గింజల చుట్టూ ఉన్న నూగు పాయలు పాయలుగా సాగి వస్తుంటే బావ చాలాసేపు కదల్లేదు. పంచె కొన్నాడు, మర్నాడే కట్టుకున్నాడు. "మరి ఇది దాచుకోవా?" అంది అక్క. ఆ మాట గట్టిగానే తగిలింది.

కళింగపట్నంలో ఆ పంచె పైకి ఎగ్గట్టి, స్టిక్కర్లు పీకేసి, వాచీ చేతికి పెట్టుకున్నాడు బావ. సబ్‌మెరైనర్ అంటే 1953లో సముద్రంలోకి దిగేవాళ్ళకోసమే తెచ్చిన వాచీ, ఇప్పటివి 300 మీటర్ల లోతుకు తట్టుకుంటాయి. మావాడిది మూడేళ్ళలో నీటిచుక్క చూడలేదు. వంశధార కలిసే చోట అలలు గట్టిగా లాగుతాయి కాబట్టి పిక్కల లోతు దాటి వెళ్ళొద్దని అక్కడి జాలరులు హెచ్చరించారు, మీరూ వెళ్ళకండి. ఆ లోతులోనే చెయ్యి ముంచి తీసి, ముంచి తీసి, మేనకోడలికి బెజెల్, అంటే డయల్ చుట్టూ తిరిగే చట్రం, తిప్పి చూపించాడు. తిప్పినకొద్దీ టిక్కుటిక్కుమంటుంది. ఇసుక రాసుకుని కొక్కెం దగ్గర వెంట్రుకవాసి గీత పడింది. నేను ఆయన మొహం వైపు చూశాను. బొటనవేలితో ఒకసారి తడిమి వదిలేశాడు.

ఆముదాలవలసలో రైలు ఆలస్యం. విశాఖ ఆయన ఫోన్ చేసి 10 లక్షలు ఇస్తానన్నాడు. బావ అక్కర్లేదన్నాడు. ఇంటికెళ్ళగానే లాకరు మానేసి ఆ అద్దె మిగుల్చుకుంటానని కూడా అన్నాడు. అందులో నా గాజులున్నాయి, మానేస్తే ఊరుకోనని అక్క అంది. లాకరు ఉంటుంది, వాచీకి మాత్రం అందులో చోటు లేదు.