పెళ్ళయ్యాక రేషన్ కార్డు: అత్తగారి కార్డులో పేరు ఎక్కించుకోవాలా, విడి కార్డు చేయించుకోవాలా? ఏది మేలు?

మా వీధిలో ఈ ఏడాది నలుగురు కోడళ్ళు కొత్తగా వచ్చారు, నలుగురూ అడిగింది ఇదే. నేను ఈ మధ్యే విడి కార్డు చేయించుకున్నా కాబట్టి నన్నే అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. ఇది ఆంధ్రా సంగతి, తెలంగాణ గురించి కింద కొంచెం చెప్తా.

ముందు బియ్యం సంగతి తేల్చేద్దాం. విడి కార్డు తీసుకుంటే బియ్యం ఎక్కువొస్తాయని చాలామంది అనుకుంటున్నారు, రావు. మామూలు రైస్ కార్డులో మనిషికి 5 కిలోలు, ఆరుగురు ఒకే కార్డులో ఉన్నా 30 కిలోలే, నలుగురు ఒకదాంట్లో ఇద్దరు ఇంకోదాంట్లో ఉన్నా కలిపితే అవే 30. 2023 జనవరి నుంచి ఆ బియ్యం ఉచితమే కాబట్టి డబ్బుల్లోనూ తేడా లేదు. బాగా పేదవాళ్ళకిచ్చే అంత్యోదయ కార్డు ఒక్కదాని లెక్క వేరు, అక్కడ ఇంట్లో ఎంతమందున్నా కార్డుకి 35 కిలోలే, అంటే కోడలి పేరు ఎక్కించినా ఒక్క కిలో కూడా పెరగదు. పంచదార అయితే కార్డు లెక్కన ఇస్తారు గానీ ఆ అరకిలో కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం ఎందుకు.

మరి తేడా ఎక్కడ అంటే, నా లెక్కలో అసలు విషయం ఇదే, అర్హత చూసేటప్పుడు మీ ఒక్కళ్ళనీ చూడరు, ఇంట్లో వాళ్ళందరి ఆధార్లూ కలిపి చూస్తారు. ఆదాయం పల్లెలో నెలకి 10 వేలు, టౌనులో 12 వేలు దాటకూడదు, మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు ఉండాలి, కరెంటు నెలకి 300 యూనిట్ల లోపు ఉండాలి, సర్కారు ఉద్యోగం, ఆ ఉద్యోగం చేసినందుకొచ్చే పెన్షను, ఇన్‌కమ్ టాక్స్, కారు ఇవేవీ ఉండకూడదు. వీటిలో ఏ ఒక్కటి ఒక్కరికి తగిలినా ఇంటి మొత్తానికీ తగిలినట్టే.

మాకు జరిగింది అదే. మా మామగారు ఇప్పటికీ కూలికెళ్తారు, మా ఆయన బట్టల కొట్లో పని. మా మరిది విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం చేస్తూ ఒక పాత కారు కొన్నాడు, తన పేరునే. వాడు మాతో ఉండడు, ఇంటికి డబ్బులు పంపే స్థితిలోనూ లేడు, కానీ పేరు మాత్రం మా కార్డులోనే ఉంది. పాప పుట్టాక దాని పేరు ఎక్కిద్దామని వెళ్తే ఫోర్ వీలర్ ఉంది, అనర్హులు అని వచ్చింది. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే పర్లేదు, ఇది సొంత బండి నంబరు. మా మామగారు ఆ కారు ఎక్కింది రెండుసార్లో మూడుసార్లో, అక్కడ నిలబడి ఆ మాట వింటుంటే ఆయన మొహం చూడలేకపోయా. పాప పేరు ఎక్కకపోవడం ఒక బాధ, ఇక ఆయన బియ్యం కూడా ఆగిపోతాయేమో అని ఇంకో భయం.

అప్పటికే మేం పక్క వీధిలో పోర్షన్ అద్దెకి తీసుకుని వేరుగా వండుకుంటున్నాం, అందుకని కార్డు విడగొట్టమని అప్లికేషన్ పెట్టాం. కాగితం మీద మాత్రమే వేరుపడి ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళకి ఈ సలహా ఇవ్వను, వీఆర్వో ఇంటికొచ్చి చూస్తారు, అబద్ధం నిలబడదు. నిజంగా వేరు కాపురం అయితే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఒక్క కార్డు విడగొడితే చాలదు, సచివాలయంలో ఏ ఇంట్లో ఎవరున్నారో రాసుకునే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో కూడా మీరు వేరుగా ఉన్నారో లేదో అడిగి చూసుకోండి, లేకపోతే ఆ పాత కారు మళ్ళీ మీ మీదకే వస్తుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు కరెంటు మీటరు ఎవరి ఆధార్‌కి లింకై ఉందో కూడా చూసుకోవాలి, ఓనరు మీటరు మీ ఆధార్‌కి తగిలి ఉంటే ఆయన ఏసీ యూనిట్లు మీ లెక్కలో పడతాయి.

విడి కార్డులో నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం కార్డుకి ఇంటిపెద్ద ఆ ఇంట్లో 18 దాటిన ఆడవాళ్ళలో పెద్దావిడ. అత్తగారి కార్డులో ఆవిడే పెద్ద, అది న్యాయం కూడా. విడి కార్డులో మాత్రం నా పేరు, నా ఫోటో, నేను ఇంటిపెద్దని. ఇన్నాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన ఒక కాగితం మీద నా పేరు మొదట చూసుకున్నా. దీపం పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు కూడా కార్డుకి ఒక కనెక్షన్ చొప్పునే కాబట్టి రెండు పొయ్యిలు ఉన్నప్పుడు రెండు కార్డులుంటే ఆ ఇల్లూ ఈ ఇల్లూ రెండూ బాగుపడతాయి.

అయితే కలిసి ఉండటంలో ఒక మేలుంది, దాన్ని తక్కువ చేయలేను. వేలిముద్ర. మా అత్తగారు ఏళ్ళ తరబడి మిరపకాయల తొడిమలు తీసి తీసి వేళ్ళ గీతలు అరిగిపోయాయి, మిషన్ మీద పడవు. అందరం ఒకే కార్డులో ఉన్నప్పుడు మా ఆయన వెళ్ళి వేలు పెడితే అందరి బియ్యం వచ్చేసేవి. విడిపోయాక అత్తమామలే వెళ్ళాలి. 2025 జూన్ నుంచి ఇంటింటికీ రేషన్ తెచ్చే వ్యాన్లు ఆగిపోయి మళ్ళీ డిపో దగ్గరే ఇస్తున్నారు, 1 నుంచి 15వ తారీఖు వరకు, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. 65 దాటినవాళ్ళకి, దివ్యాంగులకి ఇంటికే తెచ్చిస్తున్నారు గానీ మా అత్తగారికి ఇంకా 61. అందుకే మీ ఇంట్లో ముసలివాళ్ళకి వేళ్ళు పడకపోతే, ఇంట్లో కారు, టాక్స్ లాంటి గొడవలేవీ లేకపోతే కలిసే ఉండండి.

ఏది ఎంచుకున్నా మొదటి మెట్టు ఒకటే, చాలామంది ఇక్కడే తప్పు చేస్తున్నారు. పుట్టింటి కార్డులో పేరు ఉండగానే నేరుగా కొత్త కార్డుకి పెడితే ఆధార్ ఆల్రెడీ ఉంది అని కొట్టేస్తారు. ముందు పెళ్ళి కింద భర్త ఉన్న కార్డులో పేరు ఎక్కించుకోవాలి, అది ఆమోదం అయ్యాకే విడగొట్టే అప్లికేషన్ పెట్టాలి. ఒకటి పెండింగ్‌లో ఉండగా రెండోది పెట్టకండి. మ్యారేజ్ సర్టిఫికెట్ అక్కర్లేదని మంత్రి నాదెండ్ల మనోహర్ గారు 2025 మేలోనే చెప్పారు, ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పండి. 21 రోజులు అంటారు, మాకు నెల దాటింది, రసీదు మాత్రం పారేయకండి.

వాట్సాప్‌లో మన మిత్ర నుంచి కూడా పెట్టొచ్చు అంటున్నారు, ఎలాగూ ఈకేవైసీకి వేలు పెట్టాలి కదా, నేనైతే సచివాలయానికే వెళ్తా.

తెలంగాణలో మనిషికి 6 కిలోలు, 2025 ఉగాది నుంచి సన్నబియ్యం. అక్కడ పుట్టింటి కార్డులో పేరు తీయించుకుంటేనే మెట్టినింట్లో ఎక్కుతుంది. ఖమ్మంలో మా చెల్లి పేరు తీయించేసుకుంది, ప్రభుత్వం కొత్త కార్డులు ఇవ్వక ఏళ్ళపాటు ఏ కార్డులోనూ లేకుండా ఉండిపోయింది. అందుకని పేరు తీయగానే ఎక్కించడానికి మీసేవలో పెట్టేయండి, మధ్యలో గ్యాప్ వదలొద్దు.

మా అత్తగారి సంగతికి వస్తే, మరిది పేరు ఆ కార్డులోంచి తీయించే పని ఇంకా నడుస్తోంది. ఒకటో తారీఖు పొద్దున్నే ఇద్దరం రెండు సంచులు పట్టుకుని డిపోకి వెళ్తున్నాం, ముందు ఆవిడ వేలు పెడుతుంది, పడకపోతే కంటి మిషన్ పెట్టమని డీలరుకి నేనే చెప్తా, ఆవిడ బియ్యం తూచాకే నా కార్డు ఇస్తా.