మొదటి పాత ఆటోమేటిక్ వాచీ: బంపరా, రోటరా, సీకోనా?

పాత ఆటోమేటిక్ వాచీ, అంటే చెయ్యి కదిలితే లోపలి బరువు ఊగి దానంతటదే కీ ఎక్కే వాచీ, కొనాలనుకునేవాళ్ళు ముందు డయల్ మీది పేరు చూస్తారు. అసలు చూడాల్సింది వెనక మూత కింద ఉంటుంది. 1940ల నుంచి 1960ల చివరి దాకా వచ్చినవాటిలో మన ఊళ్ళో చేతికొచ్చేవి ముఖ్యంగా మూడు రకాలు. బరువు అటూ ఇటూ ఊగి స్ప్రింగులకు తగిలే బంపర్, బరువు గుండ్రంగా పూర్తి చుట్టు తిరిగే స్విస్ రోటర్, మ్యాజిక్ లీవర్‌తో కీ ఎక్కే సీకో. హైదరాబాద్‌లో ఉంటూ వారంలో నాలుగు రోజులైనా చేతికి పెట్టుకోవాలనుకుంటే మా ఓటు 1960ల స్విస్ రోటర్‌కే, అదీ స్టీలు కేసులో ఉన్నదానికి. చేతిలో డబ్బు తక్కువైతే సీకో. బంపర్ మీద ఎంత మనసు పడినా దాన్ని రెండో వాచీగా కొనుక్కోవడం మేలు.

బంపర్‌తోనే మొదలుపెడదాం, ఎందుకంటే అందరికీ మోజు దానిమీదే. రోలెక్స్ 1931లో పూర్తి చుట్టు తిరిగే రోటర్ తెచ్చి పేటెంటు పెట్టుకుంది. దాంతో మిగతా కంపెనీల్లో చాలావరకు 1940లంతా వేరే దారి పట్టాయి. బరువు ఒక హద్దులోనే ఊగుతుంది, రెండు చివర్లా చిన్న స్ప్రింగులు దాన్ని వెనక్కి తోస్తాయి. ఒమేగా 1943లో 28.10 అనే మిషన్‌తో (మిషన్ అంటే వాచీ లోపలి యంత్రం) ఈ దారిలోకి వచ్చింది. తర్వాత ఆ మిషన్లకే 330 నుంచి 350ల దాకా నంబర్లు వచ్చాయి. 1952లో వచ్చిన మొదటి కాన్‌స్టెలేషన్‌లో ఉన్నదీ బంపరే. టిస్సో కూడా అదే కాలంలో బంపర్లు చేసింది, ఒమేగా కంటే తక్కువ ధరకే దొరుకుతాయి.

చెయ్యి ఆడించినప్పుడల్లా మణికట్టుకు చిన్న తట్టు తెలుస్తుంది. ఆ తట్టు కోసమే బంపర్లు కొనేవాళ్ళున్నారు, అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఇక్కడ ఉంది: బరువు ఒక వైపు ఊగినప్పుడే కీ ఎక్కుతుంది, రెండో వైపు ఊపు వృథా. పొద్దంతా కీబోర్డు ముందు కూర్చునే చేతికి అది చాలదు. పొద్దున పెట్టుకునే ముందు, కీ ఇచ్చే గుండీ అయిన క్రౌన్‌తో పది పదిహేను చుట్లు ఇవ్వక తప్పదు.

చెడిపోయేది ముందుగా ఆ స్ప్రింగులు. వాచీని చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా అటూ ఇటూ వంచండి. రెండు వైపులా మెత్తటి చప్పుడు వస్తే మంచిది. ఒక వైపు ఇనుము ఇనుముకి తగిలినట్టు గట్టిగా మోగితే ఆ వైపు స్ప్రింగు విరిగింది, లేదా అసలు లేదు. తర్వాత అరిగేది బరువు ఆడే ఇరుసు. అది అరిగితే బరువు ఒక పక్కకు వాలి వెనక మూతను గీస్తుంది. మూత తీయించి లోపలివైపు చూడండి, చంద్రవంక ఆకారంలో మెరిసే గీత ఉంటే విషయం అర్థమైనట్టే. ఇరుసుకి కొత్త విడిభాగం దొరకడం దాదాపు అసాధ్యం, అదే నంబరు మిషన్ ఇంకొకటి కొని అందులోంచి తీయాలి. స్ప్రింగు పోయిన చోట ఏదో తీగ వంచి పెట్టే మెకానిక్‌లు ఉంటారు. ఆ తీగ బిరుసు సరిపోక బరువు బలంగా కొట్టుకుని పక్కనున్న స్క్రూలు వదులవుతాయి. ఇంకొందరు బరువునే తీసేసి కీ వాచీగా, అంటే చేత్తో కీ ఇచ్చేదిగా అమ్మేస్తారు. అందుకే మూత తీసి చూపించని చోట బంపర్ కొనకండి.

రోటర్ల దగ్గరికి వస్తే కథ మారుతుంది. ఫెల్సా 1942లో బైడైనేటర్ తెచ్చింది, రోటర్ ఎటు తిరిగినా కీ ఎక్కేది. ఎటర్నా 1948లో రోటర్ ఇరుసుకి అయిదు బాల్ బేరింగులు పెట్టింది, ఆ కంపెనీ గుర్తులో కనిపించే అయిదు చుక్కలు అవే. ఒమేగా 1950ల మధ్యలో బంపర్‌ని వదిలి రోటర్‌కి మారింది. ఆ దశాబ్దం చివర్లో వచ్చిన 550 వరుస మాత్రం నిజంగా మన్నికైన మిషన్. 550లో ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్ళు 17, 552లో 24. గంటకు 19,800 సార్లు టిక్కుమంటుంది, నిండా కీ ఉంటే సుమారు 50 గంటలు నడుస్తుంది. ఎర్రరాగి రంగు పూత ఉంటుంది కాబట్టి లోపల తేమ చేరిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది. పూత ఎక్కడైనా నల్లబడి మచ్చలు కట్టి ఉంటే అక్కడ నీళ్ళు కూర్చున్నాయి. తేదీ ఉన్న మోడల్ కావాలంటే 565 చూడండి, క్రౌన్ చివరిదాకా లాగితే తేదీ మారుతుంది. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు మధ్య మాత్రం ఆ పని చేయకండి, తేదీ పళ్ళు ముడిపడి ఉండే సమయం అది.

ఒమేగా ధర అందకపోతే బాధపడక్కర్లేదు. ఏఎస్, ఈటీఏ, ఫెల్సా లాంటి మిషన్ కంపెనీలు వందల బ్రాండ్లకు అవే మిషన్లు అమ్మాయి. పేరు వినని వాచీలో కూడా మంచి ఈటీఏ ఉండొచ్చు, విడిభాగాలు సులువుగా దొరికేదీ అందుకే. అటూ ఇటూ ఊగుతూ టైమ్ కొలిచే బ్యాలెన్స్ చక్రం కింద నంబరు చెక్కి ఉంటుంది. ఫోటో తీసుకోండి, బేరం అయ్యాక కాదు, ముందే. ఆ నంబరు మిషన్లు, భాగాలు అమ్మకానికి ఎన్ని ఉన్నాయో ఇంటికెళ్ళి చూసుకుంటే రేపటి ఖర్చు సగం తెలిసిపోతుంది.

రోటర్ వాచీలో రెండు చోట్ల తేడా వస్తుంది. ఒకటి రివర్సర్ చక్రాలు, రోటర్ ఎటు తిరిగినా కమాను ఒకే వైపు బిగిసేలా చేసేవి. చిక్కటి నూనె వేస్తే వాటిలోని చిన్న కొక్కేలు అంటుకుపోతాయి. రివర్సర్లున్న మిషన్‌కి చేత్తో కీ ఇస్తున్నప్పుడు రోటర్ కూడా గిరగిరా తిరుగుతుంటే అదే జబ్బు. శుభ్రం చేస్తే చాలావరకు తగ్గుతుంది. రెండోది కమాను, అంటే మెయిన్ స్ప్రింగు. ఆటోమేటిక్‌లో కమాను బయటి కొస, అది చుట్టి ఉండే డబ్బీకి కట్టి ఉండదు. నిండా బిగిశాక గోడ మీద జారిపోవాలి, లేకపోతే రోటర్ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఏదో ఒకటి విరుగుతుంది. ఆ గోడకి బ్రేకింగ్ గ్రీజు అనే ప్రత్యేకమైన గ్రీజు వేయాలి. మామూలు గ్రీజు వేస్తే కమాను తొందరగా జారి, వాచీ నిండదు, రాత్రి తీసి పెడితే తెల్లారేసరికి ఆగిపోతుంది. గోడ పొడిగా ఉండి కమాను జారకపోతే బ్యాలెన్స్ హద్దు దాటి ఊగి, వాచీ పిచ్చిగా ముందుకు పరిగెడుతుంది. కీ వాచీ కమానునే ఆటోమేటిక్‌లో పెట్టేసిన సందర్భాలూ ఉంటాయి.

ఈ రెండు జబ్బుల్ని విడదీసే పరీక్ష ఒకటుంది. క్రౌన్‌తో ముప్ఫై నలభై చుట్లు ఇచ్చి, చేతికి పెట్టుకోకుండా బల్ల మీద ఉంచండి. 36 గంటలు దాటి నడిస్తే కమాను బాగుంది. ఆగనిచ్చి, ఈసారి చేత్తో కీ ఇవ్వకుండా ఎనిమిది గంటలు పెట్టుకుని తిరిగి, రాత్రి తీసి పెట్టండి. తెల్లారేలోపే ఆగిపోతే తప్పు ఆటోమేటిక్ భాగంలో ఉంది. మొదటి పరీక్షలోనే ఫెయిలైతే కమాను గానీ నూనెలు గానీ. ఈ ఫలితం కాగితం మీద రాసిచ్చారంటే మెకానిక్ పని సగం తగ్గుతుంది.

సీకో సంగతి చిన్నదే. 1959లో వచ్చిన మ్యాజిక్ లీవర్‌లో రివర్సర్ చక్రాలు లేవు. రెండు చేతులున్న ఒక లీవర్, రోటర్ ఎటు తిరిగినా పళ్ళ చక్రాన్ని ఒకసారి లాగుతూ ఒకసారి తోస్తూ ముందుకే తిప్పుతుంది. భాగాలు తక్కువ, చెడేదీ తక్కువ. 1963లో సీకో 5 పేరు మొదలైంది. ఆ వరుసలో చాలావాటికి చేత్తో కీ ఇచ్చే వీలు లేదు, మెల్లగా ఊపి చేతికి పెట్టుకోవాలి. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళు తెచ్చినవి మన ఇళ్ళలో చాలా ఉన్నాయి, కాకపోతే వాటిలో ఎక్కువ భాగం 1970ల తర్వాతివి. వెనక మూత మీద నంబరు రెండు ముక్కలుగా ఉంటుంది. ముందున్న నాలుగు అంకెలు మిషన్‌వి, అవి లోపల మిషన్ మీది అంకెలతో కలవాలి. మూత మీద 6619, లోపల 7009 ఉంటే అది రెండు వాచీలు కలిపిన ముక్క. సీరియల్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల.

సీకోకి అసలు ప్రమాదం డయల్. అంగట్లో తళతళలాడే నీలం, నారింజ, ఆకుపచ్చ డయల్‌తో పాత సీకో కనిపిస్తే అది దాదాపు ఖాయంగా మళ్ళీ రంగు వేసింది. స్విస్ వాటికీ ఈ బెడద ఉంది. పదింతల భూతద్దంతో చూడండి. నిమిషాల గీతలు పైకి అతికించిన గుర్తులకు ఎదురుగా లేకపోవడం, అక్షరాల అంచులు చెదరడం, కింద ఉండాల్సిన స్విస్ అనే మాట మాయమవడం, చిన్న సెకన్ల వలయం పక్కకు జరగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రీడయల్ అనుకోవాలి. వయసుతో సమంగా పాలిపోయిన అసలు డయల్, మెరిసే రీడయల్ కంటే ఎప్పుడూ విలువైనదే. ఇందులో మేము రాజీపడం: మిషన్ బాగు చేయించుకోవచ్చు, పోయిన డయల్ తిరిగి రాదు. 1960ల మొదటి దాకా మెరిసే గుర్తులకు రేడియం వాడేవాళ్ళు. ఆ పొడిని గీకొద్దు, ఊదొద్దు, అద్దం తీయించే ముందు మెకానిక్‌కి చెప్పండి.

స్టీలు కేసు మీద అంత పట్టు ఎందుకంటే మన ఎండ, మన చెమట. బంగారు పూత కేసుల్లో పట్టీ తగిలించే చెవుల వెనకా, మూత అంచు దగ్గరా చెమట ఇత్తడిని తినేసి గుంటలు పెడుతుంది. ముందు నుంచి చూస్తే తెలియదు, పట్టీ తీయించి చూడాలి. మూత మీద స్టీలు బ్యాక్ అని మాత్రమే రాసి ఉంటే మూతే స్టీలు, కేసు వేరే లోహం మీద పూత. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏ పాత వాచీనైనా నీళ్ళు తగలని చోటే పెట్టుకోండి. మూత మీద వాటర్‌ప్రూఫ్ అని ఉన్న మాట అరవై ఏళ్ళనాటి రబ్బరు గురించి.

వెతకడానికి హైదరాబాద్‌లోని ముర్గీ చౌక్, జుమ్మేరాత్ బజార్ సంతలు సరదాగా ఉంటాయి. అక్కడ ఎక్కువగా దొరికేవి ముక్కలు కలిపినవీ, విడిభాగాలకు పనికొచ్చేవీ. మంచి వాచీ సాధారణంగా ఏదో ఇంట్లో బీరువాలోంచే వస్తుంది, ఒకే కుటుంబం వాడి ఒకే మెకానిక్ చూసింది. ఒమేగా అయితే మిషన్ మీది సీరియల్ చూడండి. కోటి దగ్గరుంటే సుమారు 1944, కోటీ యాభై లక్షలైతే 1956 ప్రాంతం, రెండు కోట్లయితే 1963 ప్రాంతం. 1963 నాటి సీరియల్‌తో బంపర్ రాదు.

కొన్నాక ఆగకుండా నడుస్తోంది కదా అని అలాగే పెట్టుకోకండి, ఎండిపోయిన నూనె ఇరుసుల్ని కోసేస్తుంది. సర్వీసుకి ఇచ్చేటప్పుడు మెకానిక్‌ని నాలుగు అడగండి. కమాను ఆటోమేటిక్‌దేనా, డబ్బీ గోడకి బ్రేకింగ్ గ్రీజు వేస్తారా, రివర్సర్లు విడిగా శుభ్రం చేస్తారా, తీసిన పాత భాగాలు తిరిగి ఇస్తారా. తిరిగి తీసుకునేటప్పుడు వాచీ నడకను కొలిచే టైమింగ్ మిషన్ మీద పెట్టించండి. నిండా కీ ఉండి, డయల్ పైకి ఉన్నప్పుడు బ్యాలెన్స్ ఊపు 250 డిగ్రీలు దాటాలి, బీట్ తేడా (టిక్‌కీ టాక్‌కీ మధ్య తేడా) 1 మిల్లీసెకండు లోపు ఉండాలి. 200 కంటే తక్కువ ఊపు చూపిస్తే డబ్బు ఇవ్వకముందే మళ్ళీ విప్పమనండి.