గడువు దాటిన టూడూలను పట్టే ఈఎస్‌లింట్ రూల్: మూడేళ్ల వాడకం తర్వాత

జావాస్క్రిప్ట్ కోడ్‌ని నడపకుండానే చదివి తప్పులు పట్టే (లింట్ చేసే) టూల్ ఈఎస్‌లింట్. దానికి యూనికార్న్ అనే ప్లగిన్ ఉంది. అందులోని ‘ఎక్స్‌పైరింగ్ టూడూ కామెంట్స్’ రూల్ గురించే ఈ సమీక్ష. తర్వాత చేయాల్సిన పనికి గుర్తుగా కోడ్ కామెంట్లలో రాసుకునే టూడూ, ఫిక్స్‌మీ లాంటి మాట పక్కన చదరపు బ్రాకెట్లలో [2025-03-31] అని రాసిపెడితే, ఆ తేదీ దాటాక లింట్ ఎర్రర్ ఇస్తుంది. పాత ఏపీఐ కోసం వేసిన అతుకులనూ, పని అయిపోయిన ఫీచర్ ఫ్లాగులనూ (ఫీచర్లను ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లనూ) తీయించడానికి ఇంత తేలికైన ఏర్పాటు నాకు మరొకటి కనబడలేదు. అయితే సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనిఖీలు, బిల్డులు వాటంతటవే నడిపే వ్యవస్థలో) సరిగ్గా అమర్చకపోతే ఉన్నా లేనట్టే.

గడువు రోజున ఏమీ అనదు, మర్నాడే పట్టుకుంటుంది. అదీ యూటీసీ లెక్కన, అంటే మనకి పొద్దున 5:30 దాటాక.

ఎక్కువమంది దెబ్బతినేది క్యాష్ (పాత ఫలితాలను దాచుకుని మళ్లీ వాడుకోవడం) దగ్గర. ‘--క్యాష్’ పెట్టి నడిపితే, మారని ఫైళ్లను ఈఎస్‌లింట్ మళ్లీ చదవదు. తాత్కాలిక కోడ్ ఉండేదేమో నెలల తరబడి ఎవరూ ముట్టుకోని ఫైళ్లలోనే. తేదీ దాటినా ఫైలు మారలేదు కాబట్టి పాత ‘ఓకే’ ఫలితమే వస్తుంది. లింట్-స్టేజ్డ్‌తో కమిట్‌లో ఉన్న ఫైళ్లనే చూసినా ఇదే చిక్కు. పైగా పుల్ రిక్వెస్ట్ (మార్పులను మెయిన్ కోడ్‌లో కలపమని పెట్టే అభ్యర్థన) బిల్డుల్లో తేదీలను ఈ రూల్ డిఫాల్ట్‌గా పట్టించుకోదు. అది మంచిదే, ఎవరో పెట్టిన గడువుకి ఇంకొకరి మెర్జ్ ఆగకూడదు. మెయిన్ బ్రాంచ్ మీద మాత్రం రోజూ ఒకసారి, క్యాష్ లేకుండా, మొత్తం రెపోకి లింట్ నడిచే షెడ్యూల్ జాబ్ తప్పనిసరి.

లింట్‌ని ప్యాకేజీ తయారుచేసే స్టెప్పులో కలపకండి. ఏడాది కిందటి ట్యాగ్‌ని (గుర్తు వేసి ఉంచిన పాత విడుదలని) హాట్‌ఫిక్స్ (అత్యవసర సవరణ) కోసం మళ్లీ బిల్డ్ చేస్తే, అప్పటి టూడూలన్నీ ఇప్పుడు గడువు దాటి ఉంటాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా బిల్డ్ ఫెయిల్ అవుతుంది. లింట్ వేరే జాబ్‌గా ఉంటే ఈ బాధ ఉండదు.

తేదీల కంటే వెర్షన్ షరతులే నాకు నచ్చాయి. తేదీని మూడు నెలలు ముందుకు జరిపేయడం ఎవరికైనా సులువు. [రియాక్ట్@>=19] అని రాస్తే, అతుకు అవసరం తీరినప్పుడే హెచ్చరిక వస్తుంది. [-మొమెంట్] అంటే ఆ ప్యాకేజీ తీసేసిన రోజు గుర్తుచేస్తుంది. (ప్యాకేజీ పేర్లు అసలు ఫైల్లో ఇంగ్లీషులోనే ఉండాలి.) ఒక్క సంగతి: వెర్షన్‌ని లాక్ ఫైల్లోంచి (నిజంగా ఇన్‌స్టాల్ అయిన వెర్షన్లు ఉండేది) కాదు, ప్యాకేజ్ జేసన్‌లోంచి (మనం కోరిన వెర్షన్ల పరిధి రాసేది) తీసుకుంటుంది. అక్కడ ^4.0.0 అని ఉండి, నిజానికి 4.6 ఇన్‌స్టాల్ అయినా, >=4.5 షరతు పలకదు.